ఎడమవైపు బెంచీలు

బీన్స్ వడ్డిస్తున్న ఆవిడ గరిటె పైకెత్తి ఏదో అడిగింది, లైల్ థిబో తలూపాడు. తలూపితే సరిపోయే ప్రశ్నే అయివుంటుంది అనుకున్నాడు, ఈ మధ్య సగం ప్రశ్నలకి అతని జవాబు అదే. ఆవిడ రెండు గరిటెల బీన్సు వేసి, వాటి మీద ఇంకో రెండు వేసి, అంతటితో ఊరుకోక పంది మాంసం ముక్క పెద్దది ఎంచి మరీ పెట్టింది. ఇంత తినగలిగే ఆకలి పొద్దున ఉండేది, ఎనిమిదో అంశం ముందు దాకా ఉండేది, ఇప్పుడు ఎటు పోయిందో తెలియదు. బడి జిమ్ము గోడమీద, బంతి వేసే వలకి పైన, ఇనప జాలీ వెనక గడియారం పన్నెండూ పది చూపిస్తోంది. ఒంటిగంటకి మళ్ళీ సభ. ఒంటిగంటకి అతను సభాపతిగా వేదిక ఎక్కి, చెక్క సుత్తితో బల్లమీద ఒక్కటి కొట్టి, తొమ్మిదో అంశం చదవాలి, రోడ్లు చదును చేసే యంత్రం కొత్తది కొనాలా పాతదానికే మరమ్మతు చేయించాలా అని. ఆ మొదటి వాక్యం నోట్లోంచి బయటపడిందా, ఎనిమిదో అంశం ఇక శిలాశాసనం. ఊరి సభ పద్ధతి అది. తేలిపోయిన అంశాన్ని తరవాతి అంశం మొదలుపెట్టేలోగా అయితే తిరగదోడవచ్చు, మొదలుపెట్టాక బ్రహ్మదేవుడు దిగివచ్చినా కుదరదు. ఇరవై రెండేళ్ళుగా ఆ పద్ధతిని అందరికీ ఓపిగ్గా చెబుతూ వచ్చినవాడు అతనే. అంటే తనకి యాభై నిమిషాలున్నాయి. దేనికి యాభై నిమిషాలు? అదే తెలియడం లేదు.

ఏం జరిగిందో మొదట్నించీ అనుకుని చూద్దాం అనుకున్నాడు, కంచం పట్టుకుని గోడవారగా ఉన్న బల్ల వైపు నడుస్తూ. ఎనిమిదో అంశం చదివాడు. మార్చి మొదటి మంగళవారం ఊరంతా ఇలా ఒకచోట కూర్చుని, మాట్లాడుకుని, నోటితో చెప్పీ చేతులెత్తీ తేల్చుకునే ఈ సభని ఈ ఏటితో ఆపేసి, వచ్చే ఏటినుంచి పొద్దున ఏడు నుంచి రాత్రి ఏడు దాకా ఎవరి వీలునిబట్టి వాళ్ళొచ్చి కాగితం మీద రహస్యంగా ఓటేసి పోయేలా మార్చాలా, వద్దా. గంటసేపు వాదించుకున్నారు. తరవాత అతను ఎప్పటిలాగే అడిగాడు, ఔననేవాళ్ళు ఔననండి. ఔను అని వచ్చింది. కాదనేవాళ్ళు కాదనండి. కాదు అని వచ్చింది. ఆ కాదు చెంప మీద కొట్టినట్టు వచ్చింది, అది మటుకు నిజం. ఔను మాత్రం, కొండ అవతల రోడ్డు మీద లారీ పోతున్నట్టు, ఉన్నదా అంటే ఉంది, ఎంత ఉంది అంటే చెప్పలేడు. కాదన్నవారిదే నెగ్గింది అన్నాడు, సుత్తి కొట్టాడు. ఎప్పుడూ సుత్తి కొట్టేముందు మనసులో ఐదు లెక్కపెట్టుకుంటాడు. ఎవరికైనా అనుమానముంటే లేచి నిలబడడానికి ఆ ఐదు అంకెల వ్యవధి. ఒక్కరు లేచి అనుమానముంది అంటే చాలు, అందర్నీ నిలబెట్టి తలలు లెక్కపెట్టాలి. ఇవాళ లెక్కపెట్టాడా? పెట్టలేదు. ఒకటి అన్నా అనుకోలేదు. మాటా సుత్తీ ఒకేసారి పడ్డాయి. ఎందుకు? ఆకలా? అలవాటా? అంత తొందరేం వచ్చిందయ్యా నీకు, అని తన్ను తాను అడిగితే లోపలివాడు పెదవి విప్పడం లేదు.

వేదిక మీదనుంచి చూస్తే కుడివైపు కుర్చీల్లో ముసలివాళ్ళు కూర్చుంటారు, కాఫీ పెద్ద డబ్బా అటువైపే ఉంటుంది గనక, పొద్దున ఎనిమిదిన్నరకే వచ్చి స్వెట్టర్లు పరిచి చోట్లు పట్టుకుంటారు గనక. ఎడమవైపు చెక్కబెంచీల మీద ఆలస్యంగా వచ్చేవాళ్ళు, రాత్రి డ్యూటీ దిగి కళ్ళు నులుముకుంటూ వచ్చేవాళ్ళు, ఒళ్ళో పిల్లలతో వచ్చేవాళ్ళు, ఊరికి కొత్తవాళ్ళు. ఎవరూ నియమం పెట్టలేదు, అలా కుదిరిపోయింది. లైల్‌కి ఎడమ చెవి లేదు. ఉంది, మొహానికి ఉంది, పనికి లేదు. ముప్పై ఒక్క ఏళ్ళు కోతమిల్లులో దుంగలు కోశాడు, రంపపు చక్రం ఎప్పుడూ ఎడమవైపే. మొన్న అక్టోబరులో పట్నంలో చెవి డాక్టరు తలకి ఏవో తగిలించి, పెట్టెలో కూర్చోబెట్టి, గంటలు వినిపించి, బయటికొచ్చాక అతని భార్య డోరీన్‌తోనే మాట్లాడింది, అతనితో కాదు, ఎడమది మూడు వంతుల్లో రెండు వంతులు పోయిందని. చర్మం రంగులో చిన్న గింజంత యంత్రం ఇచ్చారు. అది మేజోళ్ళ సొరుగులో ఉంది. పెట్టుకోవయ్యా మగడా అని డోరీన్ నాలుగు నెలలుగా చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతోంది, పాపం ఏ చెవిలో కట్టుకుందో. సభాపతి చెవిలో యంత్రం కనబడితే జనం ఏమనుకుంటారు, ఇంకొకణ్ణి ఎన్నుకుందామనుకోరూ? సిగ్గుపడ్డాడు, అంతే, సిగ్గు. డెబ్బై ఒక్క ఏళ్ళవాడికి ఇంకా ఇంత సిగ్గెందుకో.

బీన్సు తియ్యగా ఉన్నాయి, మేపుల్ చెట్ల రసం కాచిన పాకం ఎక్కువ పోశారు. బయట ఎండ కాస్తోంది, మంచు కరిగి చెట్లకి రసం దిగే రోజులు, పాకం కాచుకునేవాళ్ళు సగంమంది సభకి రానేలేదు, వచ్చినవాళ్ళు కిటికీలవైపు చూస్తున్నారు. పోనీ, ఎవరూ గొడవ చెయ్యలేదు కదా. అందరూ లేచి, కుర్చీలు జరిపి, నవ్వుకుంటూ కంచాలు తెచ్చుకున్నారు కదా. కానీ సుత్తి పడ్డ క్షణంలో ఎడమవైపు బెంచీలమీద జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అది చూశాడు. కళ్ళు బాగానే ఉన్నాయి. ఎందుకు చూసుకున్నారు? ఓడిపోయినవాళ్ళు అలాగే చూసుకుంటారు. గెలిచి ఓడిపోయినవాళ్ళు కూడా అలాగే చూసుకుంటారేమో.

పొద్దున లేవగానే రేడియో పెట్టడం మానేద్దామనుకుంటాడు, మానలేడు. కుడి చెవి దానికి ఆనించి వింటాడు, కాఫీ చల్లారిపోతుంది. న్యాయమూర్తి ఆపమన్నది ఆగదు, పట్నాల వీధుల్లో తుపాకీలు పట్టుకున్న సైనికులు తిరుగుతారు, ఎక్కడో ఓట్లు లెక్కపెట్టే ముసలామెకి ఫోను చేసి నీ ఇల్లెక్కడో మాకు తెలుసంటారు, ఆవిడ మర్నాడే ఉద్యోగం మానేస్తుంది. ఇవన్నీ ఒక్క దేశంలోనే, తన దేశంలోనే జరుగుతున్నాయా అని అతనికి మతిపోతుంది. దేశం అంటే పాత ఇల్లు లాంటిదనుకునేవాడు, పైకప్పు కారినా పునాది రాయి కదలదని. ఇప్పుడు పునాది కూడా చెక్కేనేమో, చెద పట్టే చెక్కేనేమో అని భయం. ఆ భయం ఎవరితో చెప్పినా వాళ్ళది ఏ పక్షమో చూసుకుని చెప్పాల్సివస్తోంది, అదింకో దిగులు. ఒహాయోలో ఉన్న తమ్ముడు రెజీ ఫోను చేస్తే మొదటి ఐదు నిమిషాలూ వాతావరణం, ఆరో నిమిషంలో గొడవ. ఎన్నికలన్నీ దొంగ ఎన్నికలే అంటాడు రెజీ, వాడి పక్షం గెలిచినప్పుడు తప్ప. పోయిన నవంబరులో లైల్ కోపం పట్టలేక, ఒరే, మా ఊరి సభకి ఒకసారి వచ్చి చూడరా, ఇక్కడ ఎవడూ ఎవడి ఓటూ దొంగిలించడు, కళ్ళెదుట చేతులు లేస్తాయి, చెవులారా వింటాం అన్నాడు. చెవులారా అన్నాడు. ఇంట గెలిచి రచ్చ గెలవాలని పెద్దలు అంటారు, ఇంటి సంగతి ఇలా ఉందని రెజీకి తెలిస్తే?

నెగ్గాలని ఉంది నీకు, అంది లోపలి గొంతు, ఇప్పటికి పెదవి విప్పింది. ఈ సభ ఉండాలని నీకు ఉంది. దేశంలో అన్నీ పోయినా ఇదొక్కటి మిగలాలని, మిగిలితే ఇక్కడినుంచే మళ్ళీ మొలకెత్తుతుందని. అందుకే కాదు అన్నది చెంపమీద కొట్టినట్టు వినబడింది. కాదు అన్నవాళ్ళు నీ కుడి చెవి పక్కన ఉన్నారు, పైగా వాళ్ళు నీ వాళ్ళు. మరి ఇది దొంగతనమా? తెలియకుండా చేస్తే దొంగతనం ఎలా అవుతుంది? తెలియకుండానే చేశావా? ఆ ఐదు లెక్కపెట్టలేదే, అది తెలియకనా? కంచే చేను మేస్తే అంటూ పోయిన ఏడాదంతా పెద్దవాళ్ళని, పదవుల్లో ఉన్నవాళ్ళని తిట్టాడు. ఇప్పుడు ఫోర్కు బీన్సులో గుచ్చి తీసి, మళ్ళీ గుచ్చి తీస్తున్నాడు, ఒక్క గింజా నోటికి చేరడం లేదు.

హాలిస్ పెక్ వచ్చి పక్కన కూర్చున్నాడు, కుడిపక్కనే, పాత స్నేహితుడికి ఆ సంగతి తెలుసు గనక. కోతమిల్లులో ఇద్దరూ ఒకే దుంగకి చెరో కొసా పట్టుకున్నవాళ్ళు. పై అనే పళ్ళ రొట్టె రెండు రకాలు కంచంలో పెట్టుకుని, ఏది ముందు తినాలా అని చూస్తూ, గొంతు తగ్గించి మాట్లాడాడు.

"బతికించావురా. లేకపోతే వచ్చే ఏడు ఈపాటికి ఇంట్లో టీవీ ముందు కూర్చుని ఉండేవాళ్ళం."

"నేనేం చేశాను? జనం అన్నారు."

"ఆ, జనం. నిజం చెప్పనా, అవతలి బెంచీలనుంచి వచ్చిన ఔను మోత చూసి మనది పోయిందనే అనుకున్నాను. పైన నిలబడ్డవాడికి అన్ని వైపులా వినబడుతుంది కాబోలు అనుకున్నాను." హాలిస్ ఆపిల్ పై ముక్క కొసని ఫోర్కుతో విరిచాడు. "నువ్వన్నాక ఇంకేముంది."

నువ్వన్నాక ఇంకేముంది. ఆ మాట వినడానికి ఇరవై రెండేళ్ళు పాటుపడ్డాడు. హాలిస్ దాన్ని మెచ్చుకోలుగానే అన్నాడు, పై ముక్క తింటూ, కన్నుకొట్టి. కన్నెందుకు కొట్టాడు? వీడికి తెలుసా? కావాలనే చేశానని వీడు అనుకుంటున్నాడా, అనుకుని సంతోషిస్తున్నాడా?  నిజం చెప్పడానికి లైల్ నోరు తెరిచాడు, హాలిస్ అప్పటికే రోడ్డు యంత్రం సంగతిలో పడిపోయాడు, పాతదాని గేరుపెట్టెకి ఎన్నిసార్లు అతుకులు వేస్తారో ఏమోనని. తేలు కుట్టిన దొంగలా లైల్ గడియారంవైపు చూశాడు. పన్నెండూ ఇరవై ఏడు.

నాన్న చెయ్యి గుర్తొచ్చింది. లైల్‌కి ఐదేళ్ళు, యాభై తొమ్మిదో సంవత్సరం, అప్పుడు సభ ఇక్కడ కాదు, పాత రైతుసంఘంవాళ్ళ గ్రేంజి హాలులో, పొయ్యి పక్కన తడి ఉన్ని కోట్ల వాసన. నాన్న సరిహద్దు అవతల ఫ్రెంచి మాట్లాడే కెబెక్ నుంచి వచ్చి, పౌరసత్వం తీసుకున్న మొదటి మార్చి అది. నాన్న కుడిచేతికి రంపం రెండు వేళ్ళు తీసుకుంది, మూడే మిగిలాయి. దేనికో చేతులెత్తమన్నారు, నాన్న ఎత్తాడు. వెనకనుంచి ఎవడో, ఆ ఫ్రెంచివాడిది చెయ్యిలో సగమే, సగం ఓటే లెక్కెయ్యండి అన్నాడు, జనం నవ్వారు. నాన్న చెయ్యి దించలేదు. నవ్వు ఆగేదాకా దించలేదు. అప్పటి సభాపతి, పేరు గుర్తులేదు, పొడుగాటి మనిషి, నవ్వు ఆగాక వేలెత్తి చూపిస్తూ లెక్కపెట్టి, నాన్న దగ్గరికి వచ్చేసరికి ఆగి, ఒకటి, అన్నాడు. ఆ ఒక్క అంకె గట్టిగా అన్నాడు. ఈ కథ లైల్ ప్రతి ఏడూ బళ్ళో ఎనిమిదో తరగతి పిల్లలకి చెబుతాడు, చేతులెత్తడం ఎంత గొప్పదో చెప్పడానికి.  కానీ ఇవాళ అదే కథ ఇంకో వైపునుంచి కనబడుతోంది. నాన్న ధైర్యవంతుడు కాబట్టి దించలేదు. దించేసినవాళ్ళు ఎంతమంది? అసలు ఎత్తనివాళ్ళు? వాళ్ళ కథ ఎవరూ చెప్పలేదు, చెప్పడానికి ఏమీ జరగలేదు గనక.

కెండ్రా లాంఫియర్ పొద్దున అన్నది అదే. ఎనిమిదో అంశం తెచ్చింది ఆ అమ్మాయే, ఇల్లిల్లూ తిరిగి సంతకాలు పెట్టించింది. పక్క ఊళ్ళో వృద్ధాశ్రమంలో పనిచేస్తుంది, మధ్యాహ్నం డ్యూటీ, ఒంటిగంటకల్లా కారెక్కాలి. మైకు ముందు నిలబడి కాగితం చూడకుండా మాట్లాడింది. పని మానుకుని రాలేనివాళ్ళ సంగతి చెప్పింది, అది ఏటా ఎవరో ఒకరు చెప్పేదే. తరవాత ఇంకో మాట అంది, మా వీధిలో ఒకావిడ ఉంది, పోయిన శరదృతువులో ఇంటి ముందు ఒక బోర్డు పెట్టుకుంది, ఏ బోర్డో అడక్కండి, రెండువైపులా ఇలాంటివి జరిగాయి, మర్నాడు ఆవిడ కారు నాలుగు టైర్లూ కోసేసి ఉన్నాయి, ఆవిడ ఇవాళ ఇక్కడికి రాలేదు, చెయ్యెత్తితే ఎవరు చూస్తారో అని భయం, అంది. కుడివైపునుంచి ఎవరో దగ్గారు. లైల్ వేదిక మీద మొహం చలించకుండా కూర్చుని మనసులో అనుకున్నాడు, పక్కింటివాడి ముందు చెయ్యెత్తలేనివాడికి అభిప్రాయం ఉంటేనేం లేకపోతేనేం అని. అనుకున్నాడు, తప్పించుకోలేడు. అంటే, ఔను అన్నవాళ్ళ గొంతు చిన్నదని అతను వినకముందే తీర్పు చెప్పుకున్నాడా? భయపడేవాళ్ళు గట్టిగా అరవరు కదా. కానీ హాలిస్ మోత అన్నాడే. మోత వచ్చిందా? భయపడేవాళ్ళు మోత చేస్తే అది ఎంత మోత అయివుండాలి?

సరే, చెప్పేస్తే? చెప్పేస్తే ఏమవుతుంది? వేదిక ఎక్కి, అయ్యా నాకు వినబడలేదు అంటాడు. అప్పుడు రెజీలాంటివాళ్ళు ఈ ఊళ్ళోనూ ఉన్నారు, చూశారా, ఇక్కడ కూడా అంటారు. ఇన్నాళ్ళూ ఎన్ని తప్పు చెప్పాడో అంటారు. బడి పైకప్పు ఓటు, అగ్నిమాపక బండి ఓటు, ఇరవై రెండేళ్ళవీ తవ్వుతారు. నిజమే, ఎన్ని తప్పు చెప్పాడు? చెవి నిన్న పోయింది కాదు. అబ్బా, అటు ఆలోచించకు. చెప్పకపోతే? చెప్పకపోతే నమ్మకం నిలుస్తుంది. అబద్ధం మీద నిలిచిన నమ్మకం నమ్మకమేనా? నమ్మేవాళ్ళకి తేడా తెలియదు కదా. రేడియోలో వినబడే పెద్దమనుషులు కూడా ఇలాగే అనుకుంటారా, దేశం మంచికే, జనం శాంతికే, ఒక్కసారికే అని? వాళ్ళంతా కొమ్ములు మొలిచినవాళ్ళని ఇన్నాళ్ళూ అనుకున్నాడు. వాళ్ళు కూడా ఎక్కడో ఒకచోట బీన్సు కంచం ముందు పెట్టుకుని గడియారం చూసుకుంటూ కూర్చున్నారేమో. ఇంకో చిక్కు. చీజు ఫ్యాక్టరీవాళ్ళు ఏడెనిమిదిమంది, ఎడమ బెంచీల మీదివాళ్ళు, ఓటు కాగానే లేచి డ్యూటీకి పోయారు. ఇప్పుడు తిరగదోడితే వాళ్ళు లేరు. అప్పుడు కాదు అనేవాళ్ళే నిజంగా నెగ్గుతారు. తప్పుని సరిదిద్దితే తప్పే చట్టబద్ధమై కూర్చుంటుంది. ఇంత మెలిక ఎవడు పెట్టాడు దీనికి? మింగలేడు, కక్కలేడు. నిజం పదకొండూ యాభై ఐదుకి ఈ గదిలో ఉంది, అరక్షణం ఉంది, అప్పుడిక్కడ నూట ముప్పైమంది ఉన్నారు, వాళ్ళలో వినబడనివాడు ఒక్కడే, వాడే చెప్పాడు.

పన్నెండూ నలభై ఒకటి. వసారాలో కోట్లు తగిలించిన కొక్కేల దగ్గర కెండ్రా కనబడింది, ఒక చేతిలో కారు తాళాలు, మరో చేత్తో కోటు లాక్కుంటోంది. లైల్ కంచం వదిలి లేచాడు. ఎందుకు లేచాడో అక్కడికి వెళ్ళేదాకా తెలియలేదు. ఆమె తన కుడివైపుకి వచ్చేలా చూసుకుని నిలబడ్డాడు.

"వెళ్తున్నావా అమ్మా?"

"డ్యూటీ ఉందండీ. మీరు బాగా నడిపారు లైల్ గారూ, నిజంగా. ఎవరూ ఒకర్నొకరు తిట్టుకోలేదు."

"నువ్వు ఆ బెంచీల మీద కూర్చున్నావు. నీకేం వినబడింది?"

ఆమె కోటు జిప్పు సగంలో ఆపింది. అటూ ఇటూ చూసింది. "ఏమో. మావైపు ఎక్కువ వినబడినట్టే ఉంది. చాలా ఎక్కువే. కానీ మావాళ్ళ మధ్యలో కూర్చున్నాను కదా."

"మరి లేవలేదేం? ఒక్కరు లేస్తే చాలు. నీకు తెలుసు."

"తెలుసు." ఆమె తాళాలు ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకుంది. సిగ్గుపడినట్టు నవ్వింది. "మీరు చెప్పారు కదండీ. నా చెవులే తప్పనుకున్నాను."

ఇంకేదో కూడా అంది, పర్వాలేదనో, వచ్చే ఏడు చూద్దామనో. అతనికి వినబడలేదు, ఈసారి చెవి తప్పు కాదు. ఈ పిల్ల ఇల్లిల్లూ తిరిగింది, మంచులో, కుక్కలు మొరుగుతుంటే. తన చెవులతో తను విన్నది, తనవాళ్ళందరూ విన్నది, ఒక ముసలి చెవిటివాడు సుత్తి కొట్టేసరికి వదిలేసుకుంది. భయపడి కాదు. గౌరవంతో. రేడియోలోని ఏ వార్తా అతన్ని ఇంత బెదరగొట్టలేదు. ఒక్క ఐదు నిమిషాలు ఆగమ్మా అన్నాడు, బతిమాలినట్టే అన్నాడు, డ్యూటీ ఆలస్యమైతే నేను ఫోను చేసి చెబుతాను అన్నాడు, ఫోనులో తనకేం వినబడుతుందో ఆలోచించకుండానే.

పన్నెండూ నలభై ఆరుకి సుత్తి మోగింది. జనం కంచాల మీదనుంచి తలలెత్తారు. పద్నాలుగు నిమిషాల ముందు సభ మొదలవడం ఎవరూ ఎరగరు. వేదిక పక్కన బల్ల దగ్గర ఊరి క్లర్కు ఫెయిత్ గార్విన్ నోట్లో ముద్ద పెట్టుకుని కలం వెతుక్కుంది. మొదటి వరుసలో డోరీన్ అతని మొహం చూసింది, చూసి చేతిలోని కప్పు కింద పెట్టింది. ఏం చెప్పాలో అతను కూర్చుకోలేదు. నోటికి వచ్చినట్టు చెప్పాడు.

"ఎనిమిదో అంశం మీద ఓటు నాకు వినబడలేదు. ఎడమ చెవి పనిచెయ్యదు. వినబడకుండానే చెప్పేశాను. మీరెవరూ అడగలేదు. అడగాల్సింది."

 మొదట లేచినవాడు హాలిస్. తనని కాపాడడానికి లేచాడనుకున్నాడు లైల్, అంతవరకు అలాగే కాపాడుతూ వచ్చాడు గనక. హాలిస్ మొహం ఎర్రగా ఉంది. తిరగదోడుదామని నేనే అంటున్నాను, కానీ నోటితో వద్దు, చేతులూ వద్దు, అన్నాడు. ఆ తరవాతి మాట లైల్ కళ్ళలోకి చూస్తూ అన్నాడు.

"నువ్వు లెక్కపెడితే నాకు నమ్మకం లేదు. కాగితాలు పెట్టండి."

కాగితాలు కావాలంటే ఏడుగురు నిలబడాలి. హాలిస్ నిలబడే ఉన్నాడు. కెండ్రా నిలబడింది, కోటుతోనే. ఎడమవైపు ఇద్దరు, కుడివైపు ముగ్గురు. పొద్దుట్నించీ ఆ రెండు వైపులూ ఒక్క విషయంలో కలిసింది ఇదే. ఇరవై రెండేళ్ళలో నాకు నమ్మకం లేదు అని తన మొహాన అన్న మొదటి మనిషి తన స్నేహితుడే అయ్యాడు.  కళ్ళు చెమర్చాయి, అందరూ చూశారు. ఆ నొప్పి అడుగున ఇంకోటేదో ఉంది, దానికి పేరు తెలియలేదు, ఉపశమనం అందామంటే అంత సుఖంగా లేదు. ఎవరో సందేహించారు, లేచి నిలబడ్డారు, సభ వాళ్ళ మాట విన్నది. ఇది బతికి ఉండడమా, చచ్చిపోతూ ఉండడమా?

ఫెయిత్ కాగితాలు చింపి పంచింది. చీజు ఫ్యాక్టరీవాళ్ళ సంగతి ఎవరో లేవనెత్తారు, ఫోను చేస్తే ఇద్దరు వస్తామన్నారట, మిగతావాళ్ళని పంపరట. వరస కదిలింది. చెక్కపెట్టె ముందు చిన్న బల్ల, దానికి దారంతో కట్టిన పెన్సిలు. నోటి ఓటులో సభాపతికి వాటా లేదు, కాగితాల ఓటులో ఉంది. ఆ సంగతి ఫెయిత్ గుర్తుచేసి అతని చేతిలోనూ ఒక ముక్క పెట్టింది. ఊరి సొంత విషయంలో అతను ఆఖరుసారి ఓటేసి ఇరవై రెండేళ్ళయింది. వరసలో నిలబడ్డాడు. ముందు డోరీన్, వెనక హాలిస్. హాలిస్ ఊపిరి మెడకి తగులుతోంది. లైల్‌కి ఏం రాయాలో తెలియదు. ఈ సభ లేని మార్చి ఊహకి అందడం లేదు. ఆ టైర్లు కోసిన కారు ఎవరిదో తెలియదు, ఊళ్ళో నాలుగువందల గడప, ప్రతి ఇంటివాళ్ళూ తనకి తెలుసు, ఆవిడెవరో మాత్రం తెలియదు, తెలియకుండా ఉండేలా ఆవిడ చూసుకుంది. అందరికీ వినబడేలా అడగడమే ధర్మం అనుకున్నాడు, అడిగాడు, వినలేదు. ముందుకి జరిగాడు. ఇంకో అడుగు. డోరీన్ రాసి, మడిచి, పెట్టెలో వేసి పక్కకి తప్పుకుంది. ఆమె ఏం రాసిందో అతనికి తెలియలేదు, యాభై ఏళ్ళ కాపురం, అయినా తెలియలేదు.

పెన్సిలు తీసుకున్నాడు. ఔను అని రాశాడు. వంగి రాస్తున్నవాడు అప్పుడు చూసుకున్నాడు, ఎడమ అరచెయ్యి దానంతట అదే వచ్చి కాగితాన్ని కప్పి ఉంది, వెనక నిలబడ్డ హాలిస్‌కి కనబడకుండా.